వెనక్కి దాటడం

రెండు వేల సంవత్సరం తర్వాత కొన్నేళ్లు నేను సముద్రం ఒడ్డున ఒక ప్రయోగశాలలో, పెంచే ఆల్చిప్పల కొలతలు తీస్తూ బతికాను. ఒకే తల్లీతండ్రులకు పుట్టి, ఒకే తొట్టిలో ఒకే మేత తిన్నా, ఒకటి బొటనవేలంత అయ్యేది, ఇంకొకటి చిటికెనవేలి గోరంతే ఉండిపోయేది. ఎదిగే గుణం వాటి జన్యువుల్లో ఏ చోట ఉందో పటం గీయడం మా పని. మా ఊరు పెనుకొండలో చెబితే అందరూ నవ్వేవాళ్లు, తాగడానికే నీళ్లు లేని సీమ పిల్లకు సముద్రపు చిప్పలతో ఏం పని అని. మా అవ్వ నవ్వలేదు.

"ఎదిగే గుణం యాడుండాదో ఎతుకుతాండావు గదా పాపా, మనోనికి యాడ పోయిందో చూడు" అంది.

మనోడంటే నా తమ్ముడు. పదేళ్ల పిల్లాడి ఎత్తు దగ్గర ఆగిపోయాడు. ఎస్టీడీ బూతులో ఎత్తు స్టూలెక్కి కూర్చుని ఊరందరికీ ఫోన్లు కలిపేవాడు. చొక్కాకని హిందూపురం పోతే అంగడివాళ్లు బొమ్మల చొక్కాలు తీసేవాళ్లు. "మీసాలుండే బొమ్మ ఉంటే ఇయ్యప్పా" అనేవాడు. ఎముకలు ముదిరాయి, ఇక ఎదగడని డాక్టర్లు తేల్చేశారు.

అవ్వ మాత్రం తప్పు తనదేనని నమ్మింది. వాడు పసిబిడ్డగా ఉన్నప్పుడు వంటింటి గడప దగ్గర పడుకుని ఉంటే, ఎసరు పొంగుతోందని గబుక్కున వాణ్ణి దాటిందట. పిల్లల్ని దాటితే ఎదగరు, వెంటనే వెనక్కి దాటాలి. ఆలోపే అమ్మ వాణ్ణి ఎత్తుకుపోయింది. తర్వాత గుర్తొచ్చి దాటబోతే, ఈ పిచ్చి నమ్మకాలేంటని మా నాయన కసిరాడట.

"దాటినందుకు కాదవ్వా, పుట్టుకతోనే వస్తుంది" అని నేను చెప్పి చూశాను.

"పుట్టినప్పుడు బాగానే ఉన్న్యాడు గదా!"

మా చిప్పల్లోనే ఆ గుణం ఒక్కచోట దొరకలేదు. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం. అవ్వకు మాత్రం ఆ చోటు తెలుసు, వంటింటి గడప. పాపం, ఇరవై ఏళ్లు ఆ గడప దాటిన ప్రతిసారీ ఆమె మొహం మాడిపోయేది.

అవ్వ మంచం పట్టిందని తమ్ముడు ఫోన్ చేశాడు. ధర్మవరంలో దిగి ప్యాసింజరు పట్టుకుని ఇల్లు చేరాను. అవ్వ ఒక్కటే అడిగింది, తనను వాడి మీదుగా వెనక్కి దాటించమని. ఈసారి నాయన కసరలేదు. తమ్ముడు గడప దగ్గర చాప పరుచుకుని పడుకున్నాడు. నాయన, నేను చంకల కింద చేతులేసి ఆమెను లేపి, వాడి మీదుగా అవతలికి దింపాము. ఎంత తేలికైపోయిందో, నాకు ఏడుపొచ్చింది.

వాడు లేచి మునివేళ్ల మీద నిలబడ్డాడు. "చూడవ్వా, ఎదిగినా."

కళ్లకు పొరలు కమ్మిన అవ్వ తడుముకుంటూ వాడి తల మీద చెయ్యి పెట్టింది. "కొలిచేదానివి, నువ్వు చెప్పు పాపా."

"ఎదిగినాడవ్వా" అన్నాను.

నాయన గోడవైపు తిరిగిపోయాడు. అవ్వ చెయ్యి తీసేదాకా తమ్ముడు మడమలు కింద పెట్టలేదు.