ఇలారియన్ దాచుకున్న ఎర్రగుడ్డు

మా ఊళ్లో గొర్రెల మాట వస్తే ఇలారియన్ పేరు రాక తప్పదు. చదివింది నాలుగో తరగతే అయినా జిల్లా మొత్తంలో మేలుజాతి పొట్టేళ్లకు పతకాలు తెచ్చింది అతనే. చర్చి గంటకు కొత్త దూలం ఎత్తించాడు. వరదకు కొట్టుకుపోయిన వంతెనను ఊరందరినీ కూడగట్టి నిలబెట్టాడు. ఇవన్నీ ఒక ఎత్తు, ఈస్టర్ గుడ్ల పందెం ఒక ఎత్తు. ఇద్దరు గుడ్డుకు గుడ్డు తాటిస్తారు, ఎవరిది చిట్లితే వాళ్లు ఓడినట్టు. ఎర్రరంగు వేసిన గుడ్డును పంటికి తాటించి, ఆ చప్పుడుతోనే గట్టిదేదో చెప్పేవాడు. పండగ తర్వాతి ఆదివారం చర్చి ముంగిట జరిగే పందెంలో అతని గుడ్డు పగలగొట్టిన మొనగాడు మా చుట్టుపక్కల పుట్టలేదు.

పండగకూ పందేనికీ నడుమ యాష్ నగరంలో పశువుల సంత. దానికి వెళ్లినప్పుడల్లా ఇలారియన్ ‘మూడు లిండెన్ చెట్లు’ హోటల్లోనే దిగేవాడు. మూడంతస్తుల భవనం, మొరాయించే లిఫ్టు, కిటికీ కింద ట్రాముల మోత. పక్క వీధిలో కొత్త హోటళ్లు లేచినా అటు తొంగి చూడలేదు. కారణం, రిసెప్షన్ బల్ల వెనక కూర్చునే సవేత. ఆమెకు భర్త లేడు, అతనికి భార్య లేదు. అడక్కముందే మూలగది తాళం, రెండో దిండు ఇచ్చేది. తడిసిన గొర్రెతోలు టోపీని హీటర్ పక్కన తనే ఆరబెట్టేది.

ఏటా సొరుగులోంచి ఒక ఎర్రగుడ్డు తీసేది.

“రండి ఇలారియన్ గారూ, ఒక్క దెబ్బ. మీ మొనగాడితనం చూద్దాం.”

“నా గుడ్డు ఆదివారానికమ్మా. ఇక్కడ బీటపడితే ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“గుడ్డు తాటించుకోనివాళ్లు పైలోకంలో కలుసుకోరట. అక్కడ మీ టోపీ ఎవరు ఆరబెడతారు?”

“వచ్చే ఏడు చూద్దాంలే.”

“మీ వచ్చే ఏళ్లన్నీ పోగేస్తే ఇంకో హోటల్ కట్టొచ్చు” అని నవ్వేది.

చివరిసారి మాత్రం నవ్వలేదు. సన్నబడ్డ చేత్తో గుడ్డును తిరిగి సొరుగులో పెట్టేసింది. ఆ ఆదివారం ఇలారియన్ గెలిచాడు. భుజాలమీద మోశాం. అతనికి మాత్రం సొరుగు మూసిన చప్పుడే చెవుల్లో ఉండిపోయింది.

మరుసటి ఈస్టర్‌కు ఉన్నవాటిలోకెల్లా గట్టి గుడ్డు ఏరి, ఎవరితోనూ తాటించకుండా జేబురుమాల్లో చుట్టి బయల్దేరాడు. బల్ల వెనక సవేత మేనకోడలు డోయిన కూర్చుని ఉంది.

“మీ అత్త ఏదమ్మా?”

ఆ పిల్ల తల దించుకుంది. “మంచు పడే రోజుల్లో పోయింది పెద్దాయనా. మీకు మూలగదే ఇవ్వమని చెప్పింది.”

ఇలారియన్ తాళం అందుకున్నాడు. రెండో దిండు అడగలేదు.

సంత ముగిసినా ఊరికి రాలేదు. పందెం మర్నాడు, సోమవారం, సమాధుల దగ్గరికి ఎర్రగుడ్లు తీసుకెళ్లే రోజు. దానికోసం ఆగిపోయాడు. ఆదివారం చర్చి ముంగిట మేం దారి చూసి చూసి, అతను లేకుండానే పందెం కానిచ్చాం.

సోమవారం డోయిన అతన్ని కొండమీది శ్మశానానికి తీసుకెళ్లింది. చుట్టూ జనం సమాధుల మీద తువ్వాళ్లు పరచి, తీపి రొట్టె పంచుతున్నారు. ఇలారియన్ టోపీ తీసి, సవేత శిలువ ముందు వంగి, గుడ్డు పట్టుకున్నాడు.

“క్రీస్తు లేచెను” అని రాతికి తాటించాడు.

గుడ్డు నడుమకు చిట్లింది.

“నిజముగా...” అని డోయిన అందుకోబోయింది.

“నువ్వు అనకు తల్లీ. అనాల్సింది ఆవిడ.”

ఎదుటివాళ్లు ‘నిజముగా లేచెను’ అంటేనే ఆ దెబ్బ చెల్లినట్టు. పక్క సమాధుల దగ్గర ఆ మాట ఎవరెవరి నోటో వినిపిస్తూనే ఉంది.

“ఇది లెక్కకొస్తుందంటావా?” అని అడిగాడు చివరికి.

“నాకు తెలీదు పెద్దాయనా.”

ఓడినవాడి గుడ్డు గెలిచినవాళ్లకే చెందాలి. జన్మలో ఎవరికీ గుడ్డు ఇచ్చుకోని ఇలారియన్, చిట్లినదాన్ని శిలువ కింద పెట్టి, టోపీ పెట్టుకోవడం మరిచిపోయి కొండ దిగాడు.