నీలం సుద్ద ఇంటూ

ఆ దర్జీ దుకాణంలో బట్ట కత్తిరించేవాడిని కత్తెర అనీ, మిషను మీద కుట్టేవాడిని సూది అనీ పిలవడం బజారుకి అలవాటు. ఇద్దరి దేవుళ్లు వేరు, సెలవు రోజులు వేరు. అయినా ఇరవై ఆరేళ్లుగా ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటున్నారు. పనిలో ఆ పిలుపు కూడా అక్కర్లేదు. కత్తెర నీలం సుద్దతో బట్ట మీద గీస్తాడు, సూది చూసి కుట్టేస్తాడు. ఒక గీత ఉంటే మడత. ఇంటూ ఉంటే, ఇక్కడ పట్టేస్తోంది, వదులు చెయ్యమని.

ఆ ఏడు ఎక్కడో సముద్రాల అవతల ఈ రెండు మతాలవాళ్లే కొట్టుకు చస్తున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు రోజూ దుకాణానికొచ్చి, నమ్మకాలు వేరైనచోట యుద్ధం తప్పదనీ, ఇవాళ కాకపోతే రేపు మన వీధికీ వస్తుందనీ తేల్చి చెప్పేవారు. సూదికి ఒళ్లు మండేది. మా ఇద్దర్నీ కళ్లారా చూస్తూ ఆ మాటెలా అంటారని దెబ్బలాడేవాడు. కత్తెర నవ్వి ఊరుకునేవాడు. మాటల్లో మహా పిసినారి.

అంత వాదించిన సూది ఇంటికెళ్తే మాత్రం టీవీకి అతుక్కుపోయేవాడు. ఒకరోజు, అక్కడ తగలబెట్టబోయే ఇళ్లకు ముందే తలుపుల మీద గుర్తులు పెడుతున్నారని చూపించారు. మర్నాడు పొద్దున్నే అతని భార్య వాకిలి ఊడవబోయి, చీపురు అక్కడే పడేసి వచ్చి అతన్ని బయటికి లాక్కెళ్లింది. తలుపు పైమూలన నీలం ఇంటూ ఉంది.

ఎవడో ఆకతాయి గీశాడనుకుంటే సరిపోయేది. కానీ ఆ ఇంటూకి కుడికాలు కాస్త సాగి ఉంది. అది ఎవరి చెయ్యో సూదికి తెలుసు. తెలిసే అతను భయపడ్డాడు. ఇదిగో, ఇక్కడే అతని మీద నాకు కోపం. ఇరవై ఆరేళ్లు రోజూ చదివిన గుర్తుని ఒక్క పూట టీవీ చూసి మర్చిపోయాడు. భార్యాపిల్లల్ని అప్పటికప్పుడు ఆమె పుట్టింటికి పంపేసి, నేరుగా దుకాణానికి వెళ్లాడు.

మాస్టారు అప్పటికే వచ్చి కూర్చున్నారు.

"మా ఇల్లు ఎవరికి చూపించడానికి గీశావు బావా?" అన్నాడు సూది.

కత్తెర పని ఆపేశాడు. ఆ మాట అర్థం కావడానికి అతనికి కొంతసేపు పట్టింది.

"తలుపు పట్టేస్తోందని నెల్రోజులుగా గోల పెడుతున్నావుగా," అన్నాడు. "నిన్న సాయంత్రం అటు వస్తే ఇంట్లో ఎవరూ లేరు. రంగు లేచిపోయిన చోట గీసి వచ్చా. వడ్రంగితో చెప్పా, ఇవాళ వచ్చి చిత్రిక పడతాడు."

సూదికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. క్షమించమన్నాడు, టీవీని తిట్టాడు, తనని తాను తిట్టుకున్నాడు. పర్లేదన్నాడు కత్తెర. మాస్టారు గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

వడ్రంగి చెప్పినట్టే వచ్చాడు. తలుపు ఇప్పుడు వేలితో తోస్తే తెరుచుకుంటోంది. సూది పెళ్లాంబిడ్డలూ తిరిగొచ్చారు.

మర్నాడు దుకాణంలో ఒక కోటు సూది మిషను మీదికొచ్చింది. అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. ఎక్కడా సుద్ద మరక లేదు. అడుగుదామని తలెత్తేలోపే, బల్ల అవతల నుంచి కత్తెర నోరు తెరిచి చెప్పాడు.

"చంక దగ్గర పట్టేస్తోందండీ. కొంచెం వదులు చెయ్యండి."