గంట కొట్టకముందే లేచిన బొమ్మ

మా ఊరికి ఏడాదిలో నాలుగు నెలలు వాన. మిగతా ఎనిమిది నెలలు ఉడుకు. ఆ నాలుగు నెలల్లోనూ ఉడుకేమీ తగ్గదు, దానికి తడి తోడవుతుందంతే. ఊరు చూద్దామని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు సగం రోజులు హోటల్ కిటికీలోంచి వానను చూసి తిరిగి వెళ్తుంటారు. అలాంటి వాళ్ళ కోసం హోటళ్ళవాళ్ళు ప్రతి గదిలోనూ ఒక కాగితం పెడతారు, వాన పడితే ఎక్కడికి వెళ్ళొచ్చో చెప్పడానికి. అందులో చేపల అద్దాల మేడ మొదటిది. మంచు గది రెండోది. మేము ఏడోవాళ్ళం. పై ఆరూ నిండిపోతేనే మా గుమ్మం తొక్కుతారు కాబట్టి, వచ్చేసరికే వాళ్ళ మొహాలు మాడిపోయి ఉంటాయి.

మాది బొమ్మల గది. పాతకాలపు పనివాళ్ళ మైనం బొమ్మలు పన్నెండు ఉంటాయి. బట్టలు కుట్టే దర్జీ, వాచీలు బాగుచేసేవాడు, టైపు కొట్టే గుమాస్తా, చెప్పులు కుట్టేవాడు, ఇలా ఎవరి సామాను ముందు వాళ్ళు కూర్చుని ఉంటారు. ఆ పన్నెండింటిలో పదకొండే మైనం. ఒకటి ప్రాణమున్న మనిషి. అదెవరో చూసేవాళ్ళు పావుగంటలో కనిపెట్టాలి. కనిపెడితే గుంపు మొత్తానికి పై అంతస్తులో ఫోటో దింపి, చట్రం కట్టి ఇస్తారు. కనిపెట్టలేకపోతే నేను గంట కొడతాను. అప్పుడు ఆ మనిషి లేచి నిలబడి నమస్కారం పెడతాడు. ఆ క్షణంలో ఆడవాళ్ళు వేసే కేకలు వీధి చివరిదాకా వినపడతాయి.

నేను పంతొమ్మిదేళ్ళుగా అక్కడ టికెట్లు అమ్ముతున్నాను. నా కుర్చీ వెనక అరచేయంత అద్దం ఉంది. దాంట్లోంచి గది మొత్తం కనపడుతుంది. చూస్తూ ఉండటం, టైముకి గంట కొట్టడం కూడా నా పనే.

ఆ ప్రాణమున్న బొమ్మ పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ మైనం అనేవారు. నాకంటే పాతిక ముప్పై ఏళ్ళు పెద్దవాడు కనక నేను మైనం బాబాయ్ అనేదాన్ని. ఇరవై రెండేళ్ళు అదే పని. రోజుకో బొమ్మను గోదాములో పడేసి, దాని బట్టలు తొడుక్కుని, దాని చోట కూర్చునేవాడు. కూర్చున్నాడా, ఇక బెల్లం కొట్టిన రాయే. ఊపిరి పీల్చడం కూడా కడుపులోనే, చొక్కా గుండీ కదిలేది కాదు. రెప్పలు వేయకుండా ఎలా ఉంటావని ఓసారి అడిగాను.

"వేస్తాను అమ్మాయ్. ఆ మూల ట్యూబులైటు రెపరెపలాడుతుంది చూశావా? అది కొట్టుకున్నప్పుడే నేనూ రెప్ప కొడతాను. అందరూ దాన్నే చూస్తారుగా" అన్నాడు.

అందుకే ఆ ట్యూబులైటును మేనేజరు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా మార్పించలేదు. పిసినారితనం అనుకున్నాను చాలాకాలం. పిసినారితనం కూడాననుకోండి.

రెప్పల సంగతి సరే, అసలు చిక్కు చెమట. మైనానికి చెమట పట్టదు. మా ఊళ్ళో మనిషన్నవాడికి పట్టకుండా ఉండదు. నుదుటి మీద ఒక్క చుక్క మెరిసిందంటే ఆట అయిపోయినట్టే. దానికి బాబాయ్ కనిపెట్టిన ఉపాయం ఒకటే, నీళ్ళు మానేయడం. పొద్దున లేచిన దగ్గర్నుంచీ సాయంత్రం ఆరింటికి తలుపులు మూసేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేవాడు కాదు. మొహానికి పటిక రుద్దుకుని, పైన పౌడరు అద్దుకుని కూర్చునేవాడు. ఆరు కాగానే నా దగ్గరికి వచ్చి, నేను నింపి ఉంచిన కూజా ఎత్తి ఏకబిగిన తాగేసేవాడు. రెండుసార్లు మూత్రంలో రాళ్ళు పడ్డాయి. రెండుసార్లూ ఆ నొప్పి డ్యూటీలోనే వచ్చింది. రెండుసార్లూ గంట కొట్టాకే నేల మీద పడి దొర్లాడు. అది చూసి జనం అదీ ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు.

వాన వల్ల పాడైపోయిన సెలవుల కసి అంతా జనం ఆయన మీదే తీర్చుకునేవారు. బొమ్మల్ని ముట్టుకోకూడదని పెద్ద బోర్డు ఉంది. మేనేజరు ఆ బోర్డుకి వీపు పెట్టి నిలబడేవాడు. ముక్కులోకి మిరియాల పొడి ఊదినవాళ్ళున్నారు. చెవిలో నమిలిన బబుల్‌గమ్ అంటించినవాళ్ళున్నారు. చెప్పలేని మాటలతో ఆయన తల్లిని తిట్టి మొహంలోకి చూసినవాళ్ళున్నారు. ఒక పెద్దమనిషి అయితే, కళ్ళజోడు పెట్టుకుని చదువుకున్నవాడిలాగే ఉన్నాడు, టై పిన్ను తీసి ఆయన తొడలోకి దించాడు. బాబాయ్‌కి చీమ కుట్టినట్టైనా లేదు. గంట కొట్టాక లేస్తే ప్యాంటు మీద బొట్టంత నెత్తురు. ఆ పెద్దమనిషి చేయి కలిపి మరీ మెచ్చుకుని వెళ్ళాడు. నేను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. గంట ముందే కొట్టి ఉండొచ్చు. కొట్టలేదు. టైము కాలేదు మరి.

ఇన్నేళ్ళలో ఆయన్ని కదిలించగలిగింది ఒక్క మనిషే. ఆయన కూతురు.

తల్లి లేని పిల్ల. ఆయన ఈ పనిలో చేరిన కొత్తలో దానికి ఆరేళ్ళు. రోజూ సాయంత్రం వంటగదిలో కుర్చీ వేసుకుని సాధన చేస్తుంటే, కదిలించడం దాని ఆట. చంకలో చక్కిలిగింతలు పెట్టేది, మీసం లాగేది, ఏడ్చేది. ఏం చేసినా ఆయన కిమ్మనేవాడు కాదు. చివరికి ఒకరోజు ఉక్రోషం పట్టలేక వెళ్ళి, వెలుగుతున్న స్టవ్ మీద అరచేయి చాచి ఆయన వైపు చూస్తూ నిలబడిందట. అంతే. కుర్చీ తన్నుకుంటూ లేచాడు.

"దాని చేతికేం కాలేదు అమ్మాయ్, గెలిచానని ఒకటే నవ్వు! అంత తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో నా తల్లికి" అని మురిసిపోతూ చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఆ తెలివైన పిల్ల పెరిగి పెద్దదై, ఊరు చూపించే కంపెనీ ఒకదాంట్లో గైడుగా చేరింది. ఇంకా పర్మినెంటు కాలేదు. రోజు చివర జనం కాగితం మీద రాసే అభిప్రాయాలు బాగుంటే పర్మినెంటు, లేకపోతే ఇంటికి. వాన రోజున జనం చేత బాగుందని రాయించడం అంటే మాటలా?

బాబాయ్ పరిస్థితి ఆ ఏడు అంతకంటే బాగాలేదు. మేనేజరు కొత్త రూలు పెట్టాడు. వానాకాలం మొత్తంలో మూడుసార్లు దొరికిపోతే ఉద్యోగం నుంచి తీసేస్తానన్నాడు. టికెట్ గదిలో గోడ మీద సుద్దతో గీతలు గీసేవాడు. మొదటిసారి చెమట చుక్క ముక్కు చివర వేలాడి దొరికిపోయాడు. రెండోసారి దగ్గు. ఇంకా నెలరోజుల వాన మిగిలి ఉండగానే గోడ మీద రెండు గీతలు పడ్డాయి. రెండో గీత పడ్డ సాయంత్రం ఆయన కూజా కోసం వచ్చాడు.

"అమ్మాయితో చెప్పావా?" అన్నాను.

"చెప్పాను. జాగ్రత్తగా ఉండు నాన్నా అంది."

ఆ తర్వాత నాలుగో రోజే ఆ పిల్ల ఒక గుంపును తీసుకుని వచ్చింది. పద్దెనిమిది మంది. పడవ షికారు వాన వల్ల రద్దయింది. మంచు గదిలో చోటు లేదన్నారట. అందరి బూట్లలోనూ నీళ్ళు, అందరి నోళ్ళలోనూ తిట్లు. ఆ తిట్లన్నీ గైడు మీదే. పిల్ల మొహం పాలిపోయి ఉంది. టికెట్లు తీసుకుంటూ కిటికీలోకి వంగింది.

"అక్కా, ఇవాళ నాన్న ఎక్కడ కూర్చున్నాడు?"

"చెప్పకూడదు. నువ్వూ వాళ్ళకి చెప్పకూడదు. చెప్పావంటే మీ కంపెనీని ఈ గుమ్మం ఎక్కనివ్వడు మేనేజరు."

"నేనెందుకు చెప్తాను" అంది, గొడుగు దులుపుకుంటూ.

బాబాయ్ ఆ రోజు వాచీలు బాగుచేసేవాడు. తలవంచి, కంటికి భూతద్దం బిగించుకుని, వేళ్ళ మధ్య పట్టకారుతో ఉన్నాడు. ఆయనకి బాగా నప్పే చోటు అదే. గుంపు మొదటి పది నిమిషాలూ దర్జీ చుట్టూనే తిరిగింది. దర్జీ బొమ్మ ముక్కు కొంచెం ఎర్రగా ఉంటుంది, అందరూ అక్కడే బోల్తా పడతారు. సగం మంది దర్జీ అన్నారు, సగం మంది గుమాస్తా అన్నారు. వాళ్ళలో వాళ్ళకే గొడవ మొదలైంది. ఒకావిడ గైడుతో, "పొద్దుట్నించీ ఒక్కటీ సరిగ్గా చూపించలేదు. కాగితం ఇవ్వు, ఇప్పుడే రాసిస్తాను" అని చేయి చాచింది.

ఆ పిల్ల కాగితం ఇవ్వలేదు. పక్కన ఉన్న ఒకాయన సిగరెట్ లైటర్ అడిగి తీసుకుంది. మైనం బొమ్మల గదిలో నిప్పు వెలిగించకూడదన్న సంగతి దానికి నాకంటే బాగా తెలుసు, ఆ గదిలో ఆడుకుని పెరిగిన పిల్ల. తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి వాచీలవాడి బల్ల ముందు నిలబడింది. లైటర్ వెలిగించి, మంట మీద ఎడమ అరచేయి చాచింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మొహంలోకే చూస్తోంది.

గుంపు దర్జీని వదిలి ఇటు తిరిగింది. గంట కొట్టడానికి ఇంకా రెండు నిమిషాలుంది. నా చేయి గంట తాడు మీదే ఉంది. లాగొచ్చు. టైముకి ముందు లాగితే మేనేజరు నన్నూ ఉంచడు. బాబాయ్ గొంతు ఒకసారి పైకి కిందికి కదిలింది. పంతొమ్మిదేళ్ళలో నేనది చూడటం అదే మొదటిసారి.

"అమ్మలూ, చెయ్యి!"

బల్ల తన్నుకుంటూ లేచాడు. స్ప్రింగులు, చక్రాలు, స్క్రూలు అన్నీ నేల మీద చిమ్ముకుపోయాయి. దాని చేయి లాక్కుని తిప్పి చూశాడు. అరచేయి వానకి తడిసి, చల్లగా, తెల్లగా ఉంది. మంటకి నాలుగు వేళ్ళ ఎత్తున పట్టుకుంది, ఏమీ కాలేదు. అప్పుడు కూడా ఆ వెర్రి మనిషి ఏమన్నాడనుకున్నారు? "హమ్మయ్య, కాలలేదు" అని నవ్వాడు.

గుంపు కేరింతలు కొట్టింది. ఒకడు ఆయన బుగ్గ పట్టి లాగి నిజమా అబద్ధమా చూశాడు. ఆ పిల్ల వాళ్ళ వైపు తిరిగి, "చూశారుగా, నేనేమీ చెప్పలేదు" అంది. మేనేజరు టికెట్ గదిలోకి వచ్చి మూడో గీత గీసి, సుద్దముక్క నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. పద్దెనిమిది మందీ చట్రం కట్టిన ఫోటో తీసుకుని, బాగుంది, చాలా బాగుంది అని రాసి ఇచ్చారు.

బస్సు ఎక్కబోతుంటే ఆ పిల్లను ఆపాను. "మూడోది అని నీకు తెలుసుగా?"

"తెలుసక్కా. ఆయనకి ఎలాగూ ఒంట్లో బాగుండటం లేదు. నేనే మాన్పించాలనుకుంటున్నా" అంది. లోపలి నుంచి ఎవరో పిలిస్తే, వస్తున్నానండీ అని నవ్వు మొహం పెట్టుకుని ఎక్కేసింది. దాన్ని జుట్టు పట్టుకుని లాగాలనిపించింది. లాగలేదు, వెనక ఇంకో గుంపు టికెట్ల కోసం నిలబడి ఉంది.

ఆ సాయంత్రం బాబాయ్ కూజా ఎత్తలేదు. బట్టలు మార్చుకుని, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు మేనేజరు గోదాములోని బొమ్మను తెచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాడు. ఇప్పుడు పన్నెండూ మైనమే. జనం ఎవరిని చూపించినా తప్పంటాడు. మరి అసలు మనిషి ఎవరండీ అంటే, అది రహస్యం అంటాడు. జనం ఇదే బాగుందంటున్నారు. నేను టైముకి గంట కొడుతున్నాను. ఎవరూ లేవరు.

వానలు వెనకపట్టాక ఒక సోమవారం మధ్యాహ్నం, మాకు సెలవు, ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. పర్మినెంటు అయిందట. ఎడమ చేతికి పెద్ద కట్టు ఉంది.

"అక్కా, ఒకసారి నాన్నను చూద్దువు గాని రా. కదలడం లేదు."

"పక్షవాతమా?"

"డాక్టరు చూశాడు. ఏ జబ్బూ లేదన్నాడు. నేను ఇంట్లో లేనప్పుడు తింటాడు, పడుకుంటాడు. నేను గుమ్మంలో అడుగు పెట్టానంటే ఆ వంటగది కుర్చీలో అలాగే బిగుసుకుపోతాడు. రెప్ప కూడా వేయడు. నెలయింది. తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను."

నేను దాని కట్టు వైపు చూశాను. అది తల వంచుకుంది.

"ఈసారి నిజంగానే పెట్టానక్కా. స్టవ్ మీద. చర్మం ఊడొచ్చేదాకా ఉంచాను. నా వైపే చూస్తున్నాడు. లేవలేదు."

నాకు సంతోషం వేసింది. సిగ్గు లేకుండానే చెప్తున్నాను, బాగా అయిందనుకున్నాను. ఆ సంతోషంతోనే దాని వెంట వెళ్ళాను.

బాబాయ్ కుర్చీలో ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద, చూపు స్టవ్ మీద. మా బొమ్మల గదిలో కూడా ఇంత బాగా ఎప్పుడూ కూర్చోలేదు. పిల్ల నాకు టీ పెడదామని చూస్తే పాలు లేవు. వీధి చివరి కొట్టుకి వెళ్ళింది. చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా ఆయన అలాగే ఉన్నాడు. తర్వాత మెల్లగా మెడ తిప్పి నా వైపు చూశాడు.

"బాగా కాలిందా అమ్మాయ్?"

"కాలింది."

"మందు రాసుకుంటోందా?"

"కట్టు కట్టుకుంది."

"పొద్దున దాన్ని తడిపేసుకుంది. తడపొద్దని చెప్పు. నువ్వే చెప్పినట్టు చెప్పు."

నీళ్ళు కావాలా అని అడిగాను. వద్దన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళ నిండా నీళ్ళు నిలిచాయి, ఒక్క చుక్క కూడా కిందికి జారనివ్వలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే మెడ తిరిగి యథాస్థానానికి వెళ్ళిపోయింది.

పిల్ల పాలు పట్టుకుని లోపలికి వచ్చింది. "ఏమైనా కదిలాడా అక్కా?" అంది.

"లేదు" అన్నాను. "కట్టు తడపకు."