అక్కను అప్పజెప్పిన చోటు

మొదటి చోటును నేను నేల చూసి ఎంచుకున్నాను. తెల్లటి పలకలు, వంగితే మొహం కనబడేంత నునుపు. తలుపు తీయగానే ఆస్పత్రి వాసన కాకుండా ఏదో పూల సెంటు వాసన. గోడకు పెద్ద టీవీ, మూలన చేపల తొట్టి, బల్ల వెనక ఇస్త్రీ చొక్కా వేసుకున్న మేనేజరు. నిజామాబాద్ ఊరి చివర కొత్తగా కట్టిన మూడంతస్తుల భవనం అది. ఇంట్లో చూసుకోలేని రోగులను కొన్ని నెలలపాటు నర్సుల చేతిలో పెట్టే చోటు. నేను ఆ మేనేజరును ఏమేం అడిగానో ఇప్పటికీ గుర్తుంది. డాక్టరు రోజూ వస్తాడా, గదికి కిటికీ ఉందా, దుప్పట్లు ఎన్ని రోజులకు మారుస్తారు. అన్నింటికీ ఆయన తల ఊపాడు.

"మీరేం ఫికర్ చెయ్యకుండ్రి మేడం. మీ ఇంట్ల లెక్కనే చూస్కుంటం," అన్నాడు.

నేను నమ్మాను. నమ్మితే తప్ప నాకు వేరే దారి కూడా లేదు.

అక్కడ ఉంచాల్సింది మా అక్కను. నాకన్నా పద్నాలుగేళ్లు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్లు. జడ వేయడం దగ్గర్నుంచి బడి కాగితాల మీద సంతకం పెట్టడం దాకా అంతా అక్కే చూసింది. పెళ్లి మాట ఎత్తితే నవ్వి లేచిపోయేది. ముప్పై ఏళ్లకు పైగా ఒక మిషన్ ఆస్పత్రిలో కుష్ఠు రోగులకు నర్సుగా పనిచేసింది. మా చర్చిలో చాలామంది ఆమెను పేరుతో పిలిచేవారు కాదు, "కట్ల సిస్టర్" అనేవారు. పుండు కడిగి కట్టు కట్టడంలో ఆమె చెయ్యి అంత మెత్తన. రిటైరయ్యాక బోధన్‌లో మా ఇంటికే వచ్చి ఉంది. నా పిల్లలు బయట ఆడుకొని వస్తే మొహం కన్నా ముందు అరికాళ్లు చూసేది.

"స్పర్శ లేని కాలికి ముల్లు దిగినా మనిషికి తెల్వది. తెల్వని చోటు మనమే చూడాలె," అనేది. పిల్లలు తమకు స్పర్శ ఉందంటూ కాళ్లు లాక్కొని పరుగెత్తేవారు.

పోయినేడు వానలు తగ్గాక, ఒక పొద్దున వరండాలో చిక్కుడుకాయలు గిల్లుతూ ఆమె ఒక పక్కకు ఒరిగింది. నేను కోటగిరిలో పాఠాలు చెప్పే బడికి పోయే తొందరలో ఉన్నాను. "అక్కా, చాట పడుతున్నది చూసుకో," అన్నాను. అక్క పడుతోందని నాకు తెలియడానికి ఇంకో నిమిషం పట్టింది.

పక్షవాతం. కుడి పక్క పోయింది, మాట పోయింది, మింగడం కూడా పోయింది. ముక్కులోంచి కడుపులోకి ఒక పైపు, మూత్రానికి ఇంకో పైపు. ఆస్పత్రిలో పెద్ద గండం గడిచాక డాక్టరు, కనీసం మూడు నెలలైనా నర్సులున్న చోట ఉంచమన్నాడు. మాది మేడ మీద ఇల్లు, ఇరుకు మెట్లు. నాకు బడి, మా ఆయనకు బస్సు డ్రైవరు ఉద్యోగం. అక్కను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒత్తిగిలించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ ఇద్దరూ పగలంతా ఇంట్లో ఉండాలి. ఇవన్నీ నిజమైన కారణాలే. అయినా వాటిని చెప్పేటప్పుడల్లా ఎదుటివాళ్ల మొహం చూడలేకపోయేదాన్ని.

ఆ చోట రోగులను చూడ్డానికి సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మాత్రమే రానిచ్చేవారు. నేను బుధవారం బడి నుంచి, ఆదివారం చర్చి నుంచి వెళ్లేదాన్ని. ఎప్పుడు వెళ్లినా అక్క తల దువ్వి ఉండేది, మొహానికి పౌడరు ఉండేది, మెడ దాకా దుప్పటి ఉండేది. వెల్లకిలా, నిటారుగా, ఫొటోకు కూర్చోబెట్టినట్టు పడుకోబెట్టేవారు. ఎంత శుభ్రంగా ఉంచారో అనుకొని, బయట నర్సుకు దండం పెట్టి వచ్చేదాన్ని.

అక్క ఎడమ చెయ్యి పనిచేసేది. ఆ చేత్తో దుప్పటి పట్టి కిందికి లాగేది. చలేస్తోందేమో, సరిగ్గా కప్పుకోవాలనుకుంటోందేమో అని నేను మళ్లీ మెడ దాకా కప్పేదాన్ని. తర్వాత ఆ చెయ్యి గాల్లోకి ఎత్తి అరచేతిని ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పి చూపేది. మన దగ్గర ఆ సైగకు అందరికీ ఒకటే అర్థం. ఏముంది, ఏమీ లేదు, అంతా అయిపోయింది అని. బతుకు మీద ఆశ వదులుకుందనుకున్నాను. "గట్ల అనకు అక్కా, మంచిగైతవు," అంటూ ఆ చెయ్యి పట్టుకొని మంచం మీద పెట్టేసేదాన్ని. ఆమె నా వైపు చూసేది. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారేవి. నేనూ ఏడ్చేదాన్ని. ఇలా మూడు వారాలు గడిచాయి.

నాలుగో వారంలో, కాలం కాని వర్షం పడి బడి ఆవరణలో నీళ్లు నిలిచి ఒక మంగళవారం పిల్లలను ఇంటికి పంపేశారు. నేను ఎలాగూ బయల్దేరి ఉన్నాను కదా అని నిజామాబాద్ బస్సెక్కాను. పదకొండు దాటాక అక్కడికి చేరాను. ఇది వచ్చే టైము కాదని కింద ఆపారు. అక్కను ఒక్కసారి చూసి పోతానన్నాను. డాక్టరు లోపలున్నాడు, కూర్చోండి అన్నారు. ఎంతసేపు చూసినా డాక్టరు ఎవరూ దిగి రాలేదు. నేను పైకి వెళ్లిపోయాను.

గదిలో పూల సెంటు వాసన లేదు, ఏమిటో తెలియని ఇంకేదో వాసన ఉంది. దుప్పటి మంచం కింద పడి ఉంది. అక్క కింద పరచిన గుడ్డ తడిసి, ఒక పక్క ఆరి, అంచులు పసుపుపచ్చగా తేలాయి. గోడ వైపు చూస్తున్న ఆమె కళ్లు నన్ను చూడగానే పెద్దవయ్యాయి. పక్క మంచం దగ్గరున్న ఆయమ్మ పరుగున వచ్చింది. ఆమెకు నా వయసే ఉంటుంది.

"ఇప్పుడే మారుస్త అమ్మా, ఇప్పుడే. మీరు బయట కూసోండ్రి."

"నేను పట్టుకుంట, నువ్వు మార్చు," అన్నాను.

ఆమె మంచానికి అటు పక్కకు వెళ్లింది. ఇద్దరం కలిసి అక్కను నా వైపు తిప్పాం. నడుము కింద, సరిగ్గా వెన్నెముక ఆగే చోట, నా గుప్పెడంత పుండు. మధ్యలో నల్లగా, చుట్టూ ఎర్రగా, తడిగా. దాని వాసన ఆ గదిలో నేను గుర్తుపట్టలేకపోయిన వాసన.

నాకన్నా ముందు ఆయమ్మే ఏడ్చింది.

"ఈ అంతస్తు మొత్తానికి నేనొక్కదాన్నే అమ్మా. ఒక్కదాన్ని ఎట్ల తిప్పుత? మీరొచ్చే యాళ్లకు తల దువ్వి, పౌడరేసి కప్పమంటరు. కప్పుత. నేనేం జెయ్యాలె?"

మంచం కాళ్ల వైపు అట్టకు బిగించిన కాగితం వేలాడుతోంది. రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పినట్టు టిక్కులు పెట్టే కాగితం. అప్పటికి పదకొండున్నర కావస్తోంది. కాగితం మీద సాయంత్రం నాలుగు దాకా టిక్కులు పడి ఉన్నాయి.

మేనేజరు వచ్చి, పెద్ద వయసు కదా మేడం, చర్మం పల్చగైతది, ఎక్కడైనా అవుతది అన్నాడు. నేను ఆయనతో గట్టిగా పోట్లాడానని మా ఆయనకు చెప్పాను గానీ అది అబద్ధం. అక్క బట్టల సంచీ సర్దుకుంటూ, అంబులెన్సు పిలవండి అని మాత్రమే అన్నాను. ఆ తర్వాత జిల్లా వైద్యాధికారులకు ఫిర్యాదు రాశాను. వాళ్లు ఆ మేనేజరుకు ముందే కబురు చెప్పి వెళ్లి చూసి, కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయని జవాబు పంపారు.

ఆస్పత్రిలో పుండు కోసి శుభ్రం చేశారు. చచ్చిన కండ తీసేశాక అది ఇంకా పెద్దదైంది. మళ్లీ ఎక్కడో ఒకచోట ఉంచాలి. ఈసారి నేను మూడు చోట్లు చూశాను, మూడింటికీ చెప్పకుండా వెళ్లాను. ఒకచోట లోపలికే రానివ్వలేదు. ఇంకోచోట మంచాలు బాగున్నాయి కానీ నీళ్ల గ్లాసులన్నీ ఎవరి చేతికీ అందని కిటికీ గట్టు మీద వరుసగా పెట్టి ఉన్నాయి.

మూడోది బోధన్ రోడ్డు మీద ఒక పాత ఇల్లు. సున్నం పెచ్చులుగా ఊడుతోంది, నేల బండలు పగిలాయి. నేను వెళ్లింది మధ్యాహ్నం తిండి వేళ. గుమ్మంలోనే మూత్రం వాసన తగిలి వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. కిటికీ దగ్గర మంచం మీద ఒక ముసలాయన, సరిహద్దు అవతలి ఊరాయన, మరాఠీలో ఆయమ్మను తిట్టిపోస్తున్నాడు. ఆమె ఆయన కింద గుడ్డ మారుస్తూ, "థాంబా బాబా, థాంబా. అయిపాయె, ఇంకొక్కటే," అని ఆగమన్న మాట ఆయన భాషలో, మిగతాది తన భాషలో చెప్పి బుజ్జగిస్తోంది. నేను అంతా తిరిగి వచ్చేసరికి ఆ వాసన లేదు. నేను అక్కడున్న వాళ్ల మడమలు చూశాను. గోళ్లు చూశాను. ఒకామె పెదాలు పగిలి ఉన్నాయేమో అని వంగి చూస్తుంటే వెనక నుంచి ఆ చోటు నడిపే ఆమె వచ్చింది. ఆమె కూడా రిటైరైన నర్సే.

"దుప్పటి తీసి కూడ చూస్తరా?" అంది. కోపం లేదు.

"చూడనిస్తరా?"

"ఆమెనడుగుండ్రి. ఒళ్లు ఆమెది."

అక్క సంగతి మొత్తం చెప్పాను.

"పుండు మానుతదని నేను మాటియ్య," అంది చివరకు. "కొత్తది కానియ్య. గా మాట ఒక్కటి ఇస్త."

మర్నాడు అక్కను తీసుకొచ్చాం. మంచం మీదికి మార్చగానే అక్క నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తింది. అరచేతిని పైకి, కిందికి తిప్పింది. నేను అలవాటుగా ఆ చెయ్యి పట్టుకోబోయాను. ఆ నర్సమ్మ నాకన్నా ముందే మంచం అవతలికి నడిచింది.

"తిప్పుమంటున్నది," అంది ఆయమ్మతో. "బండ్ల అంత దూరం ఎల్లెలుకల వచ్చింది గద. నడుము మండుతుంటది. నువ్వటు పట్టు." తర్వాత అక్కతో, "సిస్టర్, ఎడమకు మర్లుతున్నం. ఒక్క నిమిషం," అంది.

అక్క కళ్లు మూసుకొని గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నేను ఆ మూడు వారాల్లోనే వినాల్సింది.

నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఎన్నిసార్లు ఆ చెయ్యి పట్టి కింద పెట్టానో లెక్కపెట్టడానికి ప్రయత్నించి మానేశాను. దుప్పటి లాగింది చలికి కాదు, చూడమని. ముప్పై ఏళ్లు పుండ్లు కడిగిన మనిషి తన ఒంటి మీద పుండు ఎలా మొదలై ఎలా పెరుగుతోందో రోజు రోజూ తెలుసుకుంటూ పడుకుంది. అడగాల్సిన మాటే అడిగింది. నేను దాన్ని వేదాంతం అనుకున్నాను.

అక్కడ అక్క ఏడు వారాలు ఉంది. ఏ వేళ వెళ్లినా నన్ను ఎవరూ ఆపలేదు. అక్క మొహానికి పౌడరు ఉండేది కాదు, తల ఒక్కోసారి రేగి ఉండేది. కానీ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, మోకాళ్ల మధ్య దిండుతో పడుకొని ఉండేది. కడిగేముందు ఆయమ్మ, "అవ్వా, నీళ్లు సల్లగున్నయి, జర ఓర్సుకో," అని చెప్పేది. పుండు అంచులు కాస్త లేతరంగుకు వచ్చాయి. ఒకరోజు అక్క ఎడమ చేత్తో నా చెప్పుల వైపు చూపించింది. ఈసారి ఆలోచించాను. చెప్పులు విడిచి కాలు ఎత్తి అరికాలు చూపించాను. ఆమె నోరు ఒక పక్కకు వంకరగా నవ్వింది.

కానీ పుండు విషం అప్పటికే నెత్తురులోకి దిగింది. జ్వరం వచ్చి తగ్గి, మళ్లీ వచ్చి తగ్గలేదు. చెరుకు బండ్లు రోడ్డెక్కిన రోజుల్లో, ఒక పగటి పూట నేను బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెబుతుండగా అక్క పోయిందని ఫోను వచ్చింది. నేను వెళ్లేసరికి అక్కడి ఆయమ్మలిద్దరూ అక్కకు స్నానం చేయించి ఉంచారు. నర్సమ్మ నన్ను లోపలికి పిలిచి తలుపు వేసి, అక్కను మెల్లగా తిప్పి వీపు, మడమలు, మోచేతులు చూపించింది. పాత పుండు ఒక్కటే ఉంది.

"మంచిగనే చూసిండ్రు," అన్నాను.

"మీరు ముందే ఈడికి తెస్తే బాగుండె," అంది ఆమె. నన్ను తప్పుపట్టడానికి కాదు, ఆమెకూ బాధగా ఉండి అంది. ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. నీకప్పుడేం తెలుసు అని మా ఆయన ఎన్నిసార్లు అన్నా అది కదల్లేదు.

ఇప్పుడు రెండో శనివారాలు నేను ఆ పాత ఇంటికి వెళ్తున్నాను. గోళ్లు తీస్తాను, మనిషిని ఒత్తిగిలించేటప్పుడు రెండో వైపు పట్టుకుంటాను. పోయిన నెల భీమ్‌గల్ వైపు నుంచి ఒకాయన తల్లిని తీసుకొచ్చాడు. పసుపు పండించే రైతు. చేతి గీతల్లో పసుపు దిగి ఉంది. తల్లిని మంచం మీద పడుకోబెట్టాక గోడలకు ఊడిన సున్నం వైపు అనుమానంగా చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"మేడం, మీరు సదువుకున్నోళ్లు. నిజం జెప్పుండ్రి. ఇది మంచి జాగనేనా? మా అవ్వను ఇడిసిపోవచ్చునా?"

"నన్నడిగి నమ్మకుండ్రి అన్నా," అన్నాను. "ఆదివారం రాకుండ్రి. ఎవలకు చెప్పకుండ ఏ మంగళవారమో పొద్దుగాల పదకొండు కొట్టంగ రాండ్రి. వచ్చి దుప్పటి తీసి మీ అవ్వ వీపు చూడుండ్రి."

ఆయన మొహంలో సిగ్గు కనబడింది. "అవ్వ వీపు నేనెట్ల చూడాలె?" అన్నాడు.

మందుల అలమర దగ్గరున్న నర్సమ్మ మా వైపు తిరక్కుండానే అంది, "నేను పక్కన నిలవడ్త. చూడుండ్రి."