జాబరు సిద్ధరాములు, బండి గొలుసు

సోలాపూర్ నీలం నగర్‌లో మా ఎదురిల్లు సిద్ధరాములుది. ముప్పైనాలుగేళ్లు తువ్వాళ్ల కార్ఖానాలో జాబరుగా చేశాడు. ఆగిపోయిన సాంచెను, అంటే మరమగ్గాన్ని, బాగుచేయడం, తిరిగే సాంచెకు నూనె పెట్టడం జాబరు పని. సాంచెల చప్పుడుకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. మిగిలిన చెవితోనే, ఏ సాంచె ఎక్కడ ఎండిపోయి కీచుమంటోందో గుమ్మంలో నిలబడి చెప్పేవాడు.

ఆయనకొక పట్టుదల ఉండేది. తన చేతి నూనె బట్టమీద పడకూడదు. తెల్ల తువ్వాలు మీద ఆవగింజంత మరక కనబడితే దాన్ని తనే సేటు దగ్గరికి తీసుకుపోయి, "ఇది నా డాగు" అని ఒప్పుకునేవాడట. అలా తీసుకుపోయినవి మొత్తం సర్వీసులో ఏడో ఎనిమిదో ఉంటాయని భార్య చంద్రభాగ చెబుతుంది.

పని మానేశాక కొడుకు భరత్ పాత మోటారు సైకిలు ఆయన చేతికి వచ్చింది. పెళ్లికి ముందు భరత్ మోజుపడి కొన్న బండి అది. ఇద్దరు పిల్లలు పుట్టాక అతను స్కూటీకి మారిపోయాడు. ఆ బండి గొలుసుకు నిండు కవరు లేదు, పైన ఒక చిన్న రేకు మాత్రం ఉంది. సిద్ధరాములుకు ఆ గొలుసు భలే నచ్చింది. తిరిగేది కళ్లముందు కనబడితే ఆయనకు హాయి. ఇంట్లో మిగిలిన సాంచెల నూనె తీసి, పొడుగు ముక్కు డబ్బాతో దానికి ధారాళంగా పోశాడు.

మర్నాడు హోట్గి రోడ్‌లో చంద్రభాగ చెల్లెలి కూతురికి నిశ్చితార్థం. చంద్రభాగ లేత నిమ్మపండు రంగు చీర కట్టుకుంది. కూతురు మేఘన ఏరికోరి తెచ్చిన చీర. బండి మీద ఎడమ పక్కకు కాళ్లు వేసి కూర్చుంది. గొలుసు ఉండేది కూడా ఆ పక్కనే.

హాలు మెట్లెక్కుతుంటే ఆమె చెల్లెలు సుమన్ చూసింది.

"ఏందక్కా ఇది? జాబరు పెండ్లాం చీరకే డాగులా?"

కుచ్చిళ్ల అంచునుంచి మోకాలి దాకా నల్లటి చుక్కలు, పిచికారీ కొట్టినట్టు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాళ్ల నవ్వులో చెడు ఏమీ లేదు. కానీ సిద్ధరాములు ఆ మధ్యాహ్నం భోజనం సగంలోనే లేచాడు. చంద్రభాగ మాత్రం కొంగు కిందికి లాగి పట్టుకుని, పెళ్లికూతురి పక్కన నిలబడి ఫోటోలన్నీ దిగింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చాక ఆయన గుమ్మంలోనే అన్నాడు. "నాదే తప్పు చంద్రా. నూనె ఎక్కువ పోసిన."

"నువ్వు ఏది తక్కువ పోస్తవ్? రొట్టె మీద నెయ్యి సుత గట్లనే పోస్తవ్," అంది ఆమె. కోపం లేదు ఆ మాటలో. అయినా, "ఇగ నేను ఆ బండి ఎక్కను," అని తేల్చేసింది.

మర్నాడు పొద్దున్నే సిద్ధరాములు జోడ్‌భావి పేట్‌లో గ్యారేజీ పెట్టుకున్న గణేశ్ దగ్గరికి వెళ్లాడు. ఇరవై ఆరేళ్లవాడి ముందు అరవై ఐదేళ్ల జాబరు స్టూలు వేసుకుని కూర్చుని, పాఠం చెప్పమన్నాడు.

గణేశ్ గొలుసును వేలితో పైకెత్తి చూపించాడు. "సూడు మామా, లింకు లింకుకు నడుమ సన్నటి రబ్బరు రింగులున్నయ్. లోపలి గ్రీజును గవే కాపాడతయ్. పెట్రోలుతోని కడిగితే, ఇనుప బ్రష్షుతోని రుద్దితే గవి ఖరాబైతయ్. రాకెల్‌ల ముంచిన బట్ట, మెత్తటి బ్రష్షు చాలు. ఇంజను చాలూ జేసి మాత్రం తుడవకు. నా గోరు గట్లనే పోయింది."

రాకెల్ అంటే సోలాపూర్‌లో కిరోసిన్. గోరు లేని చూపుడువేలును సిద్ధరాములు చాలాసేపు పట్టుకుని చూశాడట.

"మరి నూనె ఏది?"

"తొంభై నంబరు గేరు ఆయిల్ పెడ్తరు. స్ప్రే కూడా దొరుకుతది. నీకేది బరాబర్ అనిపిస్తే గది."

ఏది సరైందో అనిపించడానికి వదిలేసే మనిషి కాదు సిద్ధరాములు. పాత తెల్ల తువ్వాలును నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపాడు. వెనక కూర్చునే ఆడవాళ్ల చీర చక్రంలో పడకుండా ఉండే శారీ గార్డుకు ఒక పట్టీ కట్టేవాడు. గొలుసుకు ఒక రకం నూనె పెట్టి, హోట్గి రోడ్ దాకా ఒకటే వేగంతో పోయొచ్చి, పట్టీ విప్పి ఎండలో పట్టుకుని చుక్కలు లెక్కపెట్టేవాడు. దండెం మీద ఆ పట్టీలు వరుసగా వేలాడుతుంటే గల్లీలో అందరూ ఆగి చూసేవాళ్లం.

సాంచెల నూనె పట్టీ చూడక్కర్లేదు, మబ్బు పట్టినట్టుంది. ఇంజను ఆయిల్ కొంచెం నయం. గ్రీజు పూసిన రోజు పట్టీ మల్లెపువ్వులా వచ్చింది. ఆయన పొంగిపోయి చంద్రభాగను పిలిచి చూపించాడు. వారం తిరిగేసరికి అక్కల్‌కోట్ రోడ్ దుమ్ము, కార్ఖానాల నుంచి ఎగిరొచ్చే దూది పీచు ఆ గ్రీజుకు పట్టి గొలుసు గొంగళిపురుగులా తయారైంది. చక్రం తిప్పితే కరకరమంది. ఒక పూటంతా కూర్చుని దాన్ని కడిగాడు.

తొంభై నంబరు ఆయిల్ మొదటిసారి పెట్టినప్పుడు పదకొండు చుక్కలు. చంద్రభాగ మెట్టుమీద చింతపండు గింజలు తీస్తూ చూస్తోంది.

"పోసినంక బట్టతోని తుడిసినవా?"

"నూనె పోసి మల్ల తుడుసుడు ఎందుకే?"

"తలకు పెట్టుకుంటే కూడా కారేదంత తుడుసుకుంటం గద."

ఆయన డబ్బా కింద పెట్టేశాడు. గొలుసుకు నూనె కావలసింది పైన కాదు, లింకుల లోపల. పైన మిగిలింది పోయి బట్టమీదే పడుతుంది. తర్వాత నాతో అన్నాడు, "సాంచె ఉన్నకాడనే ఉంటది. బండి ఊరంత తిరుగుతది. గా ఫరక్ నాకు సమజ్ కాలే."

ఈసారి బండిని కాసేపు తిప్పి తెచ్చి, గొలుసు గోరువెచ్చగా ఉండగానే డబుల్ స్టాండు వేశాడు. ఇంజను ఆపి తాళం చెవి జేబులో వేసుకున్నాడు. రాకెల్ బట్టతో తుడిచి ఆరనిచ్చాడు. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ, కింది వరుస లోపలి వైపున లింకుకు ఒక్కో బొట్టు వేశాడు. పొడిబట్టతో పైపైన తుడిచి మర్నాటిదాకా ముట్టుకోలేదు. ఆ పట్టీ మీద రెండే చుక్కలు. ఆ తర్వాతిసారి ఒక్కటీ లేదు. భరత్ తెచ్చిన స్ప్రే కూడా పరీక్షకు నిలిచింది. వానకు తొందరగా కొట్టుకుపోదని దాన్ని వానాకాలానికి ఉంచుకున్నాడు.

అయినా భార్యను బండి ఎక్కమని అడగలేదు. ఇంకో పట్టీ, ఇంకో పట్టీ అంటూ నెల దాటించాడు. చివరికి ఒక గురువారం చంద్రభాగే తెల్లచీర కట్టుకుని బయటికొచ్చింది.

"అక్కల్‌కోట్ స్వామి గుడికి పోదాం, తియ్ బండి."

"తెల్లది కట్టినవేందే? ఇంకొక్క దినం సూస్త..."

"ఎన్ని దినాలు సూస్తవ్? నేనేమన్న పట్టీనా, దండెం మీద ఏలాడనీకె? తియ్!"

నలభై కిలోమీటర్లు. గుడి దగ్గర బండి ఆగీ ఆగకముందే ఆయన రోడ్డు మీద గొంతుక్కూర్చుని ఆమె కుచ్చిళ్ల అంచు పట్టుకుని చూడసాగాడు. భక్తులు వాళ్ల చుట్టూ తిరిగి పోతున్నారు.

"లేవయ్యా, జనం సూస్తున్నరు. కాళ్లు మొక్కుతున్నవనుకుంటరు," అని ఆమె నవ్వుతుంటే, ఆయన అంచు మొత్తం చూసేదాకా లేవలేదట. ఒక్క చుక్క లేదు. ఈ సంగతి చంద్రభాగే గల్లీ అంతా చెప్పింది, ప్రతిసారీ కొత్తగా.

ఇప్పుడు ఆదివారం పొద్దున ఆ ఇంటిముందు రెండు మూడు బండ్లు ఉంటాయి. ఆస్పత్రిలో నర్సుగా చేసే మా వెనకింటి కాజల్ తన బండి గొలుసు తనే చేసుకోవడం అక్కడే నేర్చుకుంది. చక్రం తిప్పడం చంద్రభాగ పని, ఎవరి బండి అయినా సరే. పోయిన వారం దంపతులిద్దరూ తుల్జాపూర్ పోయొచ్చారు. దారిలో ఎక్కడ చెరుకురసం బాగుంటుందో ఆమెకు ఇప్పుడు తెలుసు, అక్కడ ఆపకపోతే ఆయన మంచి చెవిలోనే అరుస్తుంది.