గడపమీది హిరణ్యకశిపుడు

దసరా రోజుల్లో సాయంత్రం పూట చిత్తూరు వీధుల్లో నడుస్తుంటే, ఉడికిన శనగల మీద ఇంగువ తాలింపు పడిన వాసన ఏ కిటికీలోంచో వచ్చి ముక్కు పట్టుకుంటుంది. ఆ వాసనకు అందరికీ నోరూరుతుంది. నాకు పళ్ళు నూరబుద్ధవుతుంది.

మా నాయన కుమ్మరి. ఎండాకాలమంతా కుండలు, వానలు పట్టేముందు వినాయకులు, వినాయకుణ్ణి సాగనంపగానే దసరా కొలువు బొమ్మలు. మా ఇంట్లో దేవుళ్ళు ఎప్పుడూ సగంసగంగానే ఉండేవాళ్ళు. చూరుకింద రాముడి చేతులు ఆరుతుండేవి, పొయ్యి పక్కన లక్ష్మమ్మ తల లేకుండా పద్మంలో కూర్చుని ఉండేది, మేం అన్నానికి కూర్చుంటే మా అమ్మ ఆ కృష్ణుణ్ణి కొంచెం అవతలికి జరపమనేది. చెరువుమట్టిలో వరిపొట్టు కలిపి తొక్కడం నా పని. ఐదో తరగతితోనే బడికి దండం పెట్టేసినదాన్ని, పురాణాలన్నీ ఆ మట్టి తొక్కుతూనే నేర్చుకున్నాను. ఏ రాక్షసుడు ఏ వరం అడిగాడో, ఎక్కడ ఏమారాడో నాయన చెబుతుంటే నా కాళ్ళకు అలుపు తెలిసేది కాదు.

మా బొమ్మలు ఎక్కువగా కొనేది మామిడికాయల మండీ పెద్దాయన. మా పక్క అంత ఎత్తు కొలువు ఇంకెవరింట్లోనూ లేదు. ఏటా ఒక్క కొత్త బొమ్మైనా చేరాలి, ఒకసారి కొలువెక్కిన బొమ్మను ప్రతి ఏడూ ఎక్కించాలి, మధ్యలో దించితే ఇంటికి కీడు. ఒక దసరాకు నాయన నెత్తిన గంప, నా చంకలో కూర్మావతారం పెట్టుకుని వాళ్ళింటికి పోయాం. లోపల పట్టులంగాల పిల్లలు పాటలు పాడుతున్నారు. పెద్దాయన నన్ను గడపమీదే ఆపాడు. మట్టికాళ్ళతో లోపలికి రావద్దన్నాడు, పేరంటాళ్ళకు అడ్డమని వాకిట్లోనూ నిలబడొద్దన్నాడు. అలా లోపలా కాకుండా బయటా కాకుండా నిలబడి, మా పొయ్యి పక్కన తల లేకుండా చూసిన లక్ష్మమ్మ ఇప్పుడు గడపకు చేతికందే దూరంలో దీపాల మధ్య మెరిసిపోతుంటే ఆగలేక, చేయి చాచి ఆమె పాదాన్ని వేలితో ముట్టుకున్నాను. చేతికర్ర నా వేళ్ళమీద పడింది.

"మీ ఇంట్లో ఉన్నంతసేపే అది మట్టి. ఈడికొచ్చినాక దేవత. ముట్టుకునేదానికి నువ్వెవురే?"

పిల్లలు నవ్వారు. నాయన గంప దించి, బొమ్మలకు చుట్టిన గడ్డి విప్పసాగాడు. వాచిన నా చేతిలో పైనుంచి గుప్పెడు శనగలు పోశారు. దారిలో వాటిని కాకులకు వేశాను. కాకులకు పౌరుషం లేదు, తినేశాయి.

మరుసటేడు ఆయనే మోకాలెత్తు నరసింహుడు కావాలన్నాడు. నాయన సరేనన్నాడు. ఇంట్లోనూ బయటా చావు లేకుండా వరం అడిగిన హిరణ్యకశిపుణ్ణి స్వామి గడపమీదే ఒళ్ళో వేసుకుని చీల్చిన కథ చెబుతూ చెబుతూ, నాయన ఆగి నా వేళ్ళవైపు చూశాడు. ఆ తర్వాత స్వామి ఒళ్ళోని రాక్షసుడికి రోజురోజుకూ రెండు గడ్డాలు, బానపొట్ట, ఒకపక్క వాలిన మీసం, ముక్కు పక్కన పులిపిరి పుట్టుకొచ్చాయి. కళ్ళు దిద్దడం ఎప్పుడూ చివరిపని. ఆ రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"కర్ర ఎత్తినప్పుడు కండ్లు ఎట్ల పెట్టినాడు పాపా?"

నేను పెట్టి చూపించాను. దానికి ఇంకొంచెం భయం కలపాలంటూ నాయన కుంచె ముంచాడు.

తన మొహాన్ని తానే పోల్చుకోలేక పెద్దాయన భక్తిగా హారతి ఇచ్చాడు. పేరంటాళ్ళు బొమ్మనొకసారి, ఆయన్నొకసారి చూసి కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. మండీ హమాలీలు ఎన్నడూ లేని భక్తితో వరసకట్టి దర్శనానికొచ్చారు. ఆ వరస చూశాకే ఆయనకు అనుమానమొచ్చింది. కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చి, రాక్షసుడికి తన మొహం పెడతావా అని అరిచాడు. నాయన కుమ్మరిసారె దగ్గరనుంచి లేవను కూడా లేదు.

"నేను నరసింహసామిని చేసినా. రాక్షసుడు మీ మాదిరి ఉండాడని మీరే అంటాంటే నేనేం సెప్పేది సామీ?"

వీధంతా మా వాకిట్లోనే ఉంది. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. నాయన కలిపిన భయం ఆ కళ్ళలోకి అప్పుడొచ్చింది. ఇంటికిపోయి బొమ్మను దించబోతే, ఎన్నడూ నోరెత్తని ఆయన భార్య అడ్డం నిలబడిందట.

"కొలువెక్కినోణ్ణి దించితే ఇంటికి కీడు. ఉండనీండి, మీరు పోయినాక సూసుకునేదానికి ఉంటాది."

ఆ తర్వాత ప్రతి దసరాకూ ఆ తొమ్మిది రోజులూ పెద్దాయనకు బంగారుపాళ్యం తోటల్లో పని తగిలేది, చెట్టున ఒక్క కాయైనా లేని కాలంలో.

ఇప్పుడు నాయన లేడు, పెద్దాయనా లేడు. మట్టి తెచ్చుకున్న చెరువు ప్లాట్లైపోయింది. అంగళ్ళలో అన్నీ అచ్చుబొమ్మలే, ఏ రాక్షసుడికీ ఎవరి పోలికా రాదు. ఇప్పటి పిల్లలు తమ కోపాన్ని ఎక్కడ ఆరబెట్టుకుంటారో పాపం.

పోయిన దసరాకు పెద్దాయన మనవరాలు నన్ను పేరంటానికి పిలిచి, చేయిపట్టుకుని లోపలికి తీసుకుపోయి, కొలువు ముందు చాప వేసి కూర్చోబెట్టింది. నరసింహుడి ఒళ్ళో ఆయన అలాగే ఉన్నాడు. ఆ పిల్ల ఆ బొద్దుచెంప ఆప్యాయంగా నిమిరింది.

"నేను పుట్టకముందే పోయినాడంట పెద్దమ్మా. మా తాత అచ్చం ఇట్లనే ఉండేవాడని మా అవ్వ సెప్పేది."

నా మనసు కరుగుతుందేమోనని కాసేపు చూశాను. కరగలేదు.

"పేగులకు రంగు వెలిసిపోయిండాది పాపా," అన్నాను. "రేపు నేనే ఎర్రరంగు తెచ్చి, బాగా దిద్దిపోతా."