కళింగపట్నం సముద్రం రంగు

మొన్న మా పాత బల్లదీపానికి వైరు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియను దాన్ని ఎత్తబోయి, "ఏటమ్మా ఇంత బరువున్నాది, ఇనుమా?" అన్నాడు. మట్టి అంటే నమ్మలేదు. వేలితో కొట్టి చూసి, రాజాంలో ఇంతకంటే అందమైనవి దొరుకుతాయని సలహా కూడా ఇచ్చి వెళ్లాడు. గుమ్మడికాయంత గుండ్రటి బుడ్డి, పైన బల్బు, దానికో గుడ్డ తొడుగు. అంతే ఆ దీపం. మా పెద్దమ్మ చేసింది.

పెద్దమ్మంటే మా అమ్మకి అక్క. శ్రీకాకుళంలో చర్చి వెనక తాతగారిల్లు. మద్రాసుకి చదువుకోమని పంపితే ఆవిడ పింగాణీ పని నేర్చుకుని, కాలితో తన్ని తిప్పే కుమ్మరి సారె ఒకటి రైల్లో వేయించుకు వచ్చింది. "టీచరమ్మవై వస్తావనుకుంటే బురద పిసుకుతావేటే?" అని తాతగారు కొన్నాళ్లు మాట్లాడటం మానేశారు. ఆ తర్వాత ఆయనే పెరట్లో బట్టీకి ఇటుకలు తోలించారు. ఆవిడ కప్పులు ఎంత మందమంటే, వాటితో కాఫీ తాగిన చుట్టాలు చెయ్యి విదిలించుకుంటూ వెళ్లేవారు. సరుగుడు కట్టెల పొగ ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ ఆ పెరడే గుర్తొస్తుంది.

నాకు నాలుగేళ్లప్పుడు అమ్మకి క్షయ వచ్చి, మమ్మల్ని అక్కడికి తీసుకొచ్చారు. నన్ను అమ్మ గదిలోకి రానిచ్చేవారు కాదు కాబట్టి ఇదంతా తర్వాత పెద్దమ్మ చెప్పగా విన్నదే. వేలాడే ఉత్త బల్బు వెలుగు అమ్మ కళ్లలో గుచ్చుకునేది. ఆర్పేస్తే భయం. "నీకో దీపం సేస్తానే, ఏ రంగు కావాలి?" అని పెద్దమ్మ అడిగితే, "కళింగపట్నం సముద్రం రంగు" అందట. మొదటిది బట్టీలో పగిలింది. రెండోది బూడిద రంగు తేలింది. మూడోది కాలుతుండగా అమ్మ బాగా నీరసించిపోయింది.

కాల్చడం అయ్యాక బట్టీ దానంతటది చల్లారాలి. తొందరపడి తెరిస్తే చల్లగాలి తగిలి లోపలివి చిట్లిపోతాయి.

"అయ్యిందా అక్కా?" అని అడిగిందట అమ్మ.

"ఇంకా వేడిగా ఉన్నాదే. రేపు తీస్తాను."

"రేపా" అని అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి లేదు.

సమాధి చేసి వచ్చి, ఆ చీరతోనే పెద్దమ్మ బట్టీ తెరిచింది. దీపం మీద ఒక్క గీత లేదు. పచ్చదనం కలిసిన నీలం, అమ్మ అడిగిన రంగే. దాన్ని ఒళ్లో పెట్టుకుని పొద్దువాలేదాకా అక్కడే కూర్చుండిపోయిందట. మళ్లీ సారె ముట్టుకోలేదు. తాతగారు కోరుకున్నట్టే టీచరమ్మయింది, పెళ్లి చేసుకోకుండా నన్ను పెంచింది.

పెద్దయ్యాక ఒకసారి ఓదార్పుగా అన్నాను, "ముందే తీసుంటే పగిలిపోయేది కదా పెద్దమ్మా" అని.

"పగిలితే పగిలేది. ముక్కలైనా సూసేది" అంది.

చివరి రోజుల్లో ఆవిడకి మతిమరుపు వచ్చి, నన్ను అమ్మ పేరుతో పిలిచేది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "ఒసే, దీపం సూసావా? నువ్వడిగిన రంగేనా?" అంది.

"సూసానక్కా. సముద్రంలాగే ఉన్నాది" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "మరి ఇన్నాళ్లూ సెప్పవేటే?" అంది.

మా అందరికీ ఎప్పుడో గడిచిపోయిన ఆ ఒక్క రోజు, ఆవిడకి మాత్రం బతికినంతకాలం గడవనేలేదు.